పద్దెనిమిది చుక్కలు

ఆళ్లగడ్డ,
11 ఫిబ్రవరి 2025.

షాలినికి మీ వదిన వందనాలు.

ఫోన్ చేయకుండా ఈ కాగితం ముక్కేమిటని నవ్వుకోకు. చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. పైగా నా చేతిలో ఉన్న ఫోన్ గోదాం వాళ్లు మేస్త్రీనని ఇచ్చినది. వాళ్ల ఫోన్లోనే వాళ్లను తిట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. మీ అన్న ఫోన్ ట్రాక్టరుతో పాటే శిరివెళ్ల పొలాల్లో తిరుగుతుంది, నాకు చిక్కదు. అందుకని పదో తరగతి నాటి చేతిరాతను మళ్లీ బయటికి తీశాను. నువ్వూ కాగితం మీదే రాయి.

మీ ఆఫీసు వాళ్లు వచ్చి మా శనగ విత్తనాల గోదాముల్లో స్తంభాలకు తెల్ల డబ్బాలు బిగించిపోయారు కదా. శనగలు ఏరే మా పద్దెనిమిది మందికీ మెడలో అగ్గిపెట్టెంత ట్యాగ్ వేలాడేశారు. ఇదంతా మా ఆడబిడ్డ చేసిన పని అని మొదటిరోజు గొప్పగా చెప్పుకున్నాను. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాను.

మా మేనేజర్ రాజశేఖర్‌ను నువ్వు చూసే ఉంటావు. ఇస్త్రీ చొక్కా, చేతికి ఎప్పుడూ సెంటు వాసన. సాయంత్రం ఐదింటికి మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ఫోన్ చూస్తూ చదువుతాడు. ఎవరు ఎంతసేపు బల్ల దగ్గర లేరు, ఎవరు ఎన్నిసార్లు మరుగుదొడ్డికి పోయారు. మగవాళ్లు మూటలు మోస్తూ మోస్తూ ఆగి వింటారు. శివమ్మక్కకు షుగరు. పాపం ఆమె ఎక్కువ సార్లు పోక తప్పదు. నిన్న ఆమె వంతు వచ్చినప్పుడు ఏమన్నాడో రాయాలంటే నాకే రోతగా ఉంది.

"ఏందిమే శివమ్మా, పొద్దన్నుంచి ఏడుసార్లు పోయినావు. ఆడ ఏమన్నా నిధి దొరుకుతాందా?"

హమాలీలు నవ్వారు. శివమ్మక్క నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. వాడికంటే పెద్ద కొడుకున్నాడు ఆమెకు. నేను మేస్త్రీని, ఆమె పక్క బల్ల దగ్గర పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నదాన్ని, ఒక్క మాట అనలేకపోయాను.

మీ సిగ్నళ్లు మరుగుదొడ్డి దాకా ఎందుకు రావాలి? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

మీ వదిన,
ప్రసన్నకుమారి


నంద్యాల,
17 ఫిబ్రవరి.

వదినా,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది, చదివాక ఒళ్లు మండింది. ఆ మనిషి ఇక్కడికి శిక్షణకు వచ్చినప్పుడు రెండు గంటలు నా ఎదురుగా కూర్చున్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అందరినీ 'మేడం' అన్నాడు.

అసలు ఈ ఏర్పాటు ఎందుకు పెట్టామో చెబుతాను. మీ గోదాముల్లో పురుగు పట్టకుండా విషపు బిళ్ళలు పెట్టి తలుపులు మూసి, సందులకు టేపు అంటిస్తారు. ఆ గాలి పీలిస్తే మనిషి బతకడం కష్టం. కాబట్టి తలుపు మూసే ముందు లోపల ఎవరూ లేరని తెలియాలి. రేకుల కప్పు కింద ఉపగ్రహాల లెక్క సరిగా అందదు. అందుకే ఆ డబ్బాలు.

మొదట్లో ఆ డబ్బాలు పగలంతా ఆపకుండా సిగ్నల్ పంపేవి, ట్యాగులు పగలంతా వింటూ కూర్చునేవి. మధ్యాహ్నానికే చార్జి అయిపోయేది. ఎవరూ ఎవరినీ వెతకని వేళ కూడా ఆ గోల ఎందుకని నేనే మార్చాను. ఇప్పుడు డబ్బాలు ఊరికే ఉంటాయి. ఎవరైనా ఫోన్లో 'ఫలానా మనిషి ఎక్కడ' అని నొక్కితేనే, ఆ దగ్గరున్న మూడు నాలుగు డబ్బాలు ఒక్క క్షణం సిగ్నల్ పంపుతాయి. ట్యాగ్ దాన్ని అందుకొని దూరాలు కొలిచి తిప్పి పంపుతుంది. తెరమీద చుక్క పడుతుంది. మళ్లీ అంతా ఆగిపోతుంది. అవసరమైనప్పుడే సిగ్నల్, అవసరం తీరాక నిశ్శబ్దం. నా పేరు మీద మా ఆఫీసులో చప్పట్లు కొట్టించిన పని ఇదే, వదినా. దాన్ని నువ్వు మరుగుదొడ్డితో కలిపి మాట్లాడుతుంటే నాకు కష్టంగా ఉంది.

ఇంకో మాట. ఒక మనిషిని గంటకు ఒక్కసారి మించి అడగడానికి వీల్లేకుండా కట్టడి ఉంది. అడిగినవాళ్లు కారణం కూడా రాయాలి. కాబట్టి మీ మేనేజర్ సగం కళ్లతో చూసి, సగం కల్పించి చదువుతున్నాడేమో. ఒకసారి గట్టిగా అడిగి చూడు.

అన్నకు చెప్పు, ఎండల్లో తలకు గుడ్డ లేకుండా తిరగొద్దని.

షాలిని


ఆళ్లగడ్డ,
4 మార్చి.

షాలినీ,

గంటకు ఒక్కసారే అన్నావు. సరే, పోయిన సోమవారం ఎనిమిదింటి నుంచి పదింటి లోపల శివమ్మక్కను పదకొండుసార్లు చూశానని వాడే చెప్పాడు, గర్వంగా. మీ కట్టడికి గడియారం లేదేమో అమ్మా. కారణం రాయాలి అన్నావు కదా, అదేమిటని నేను వాడి ఫోన్లోకి తొంగి చూశాను. నా ఫోన్లో లేనట్టే అక్కడా అలాంటి గడే లేదు. పేరు మీద వేలు పెడితే చుక్క వస్తుంది. అంతే.

ఏంజెల్ అని కొత్తగా చేరిన పిల్ల ఉంది, మా చర్చి పిల్లే. ఆమె లోపల ఉండగా వాడు ఫోన్ పట్టుకొని మరుగుదొడ్డి బయటికి వచ్చి తలుపు తట్టాడు. "ఎంతసేపు మే, లోపల ఏం చేస్తాండావు?" అని. ఆ తలుపుకు గడియ సరిగా పడదు. ఆ పిల్ల ఒక చేత్తో తలుపు పట్టుకొని కూర్చుందట. బయటికొచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకు వాడి మీద ఎంత అసహ్యం కలిగిందంటే, వాడు తాకిన రిజిస్టరు తాకాలన్నా చేయి కడుక్కోవాలనిపించింది.

అందుకని నేను ఒక ఉపాయం చేశాను. మా బల్లల చివర చేటలు తగిలించే మేకులున్నాయి. బయటికి పోవాల్సిన వాళ్లు ట్యాగ్ తీసి మేకుకు తగిలించి, దాని మీద చేట వేసి పోవాలి. నిన్న నా ఫోన్లోనే అడిగి చూశాను. శివమ్మక్క బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది, ఆమె చుక్క మాత్రం బల్ల దగ్గర బుద్ధిగా కూర్చుంది. మా ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు.

సాయంత్రం రాజశేఖర్ ఫోన్ చూసి, "ఈ పొద్దు అందరూ బాగా పని చేస్తాండారే" అన్నాడు. నీ చదువుకంటే నా మేకు గొప్పదని ఒప్పుకుంటావా?

ప్రసన్న


నంద్యాల,
12 మార్చి.

వదినా,

ఒప్పుకోవాల్సింది వేరే ఉంది. నీకు అబద్ధం రాశాను.

కట్టడి ఉండేది. జనవరిలో ఉండేది. గంటకు ఒక్కసారి, కారణం రాసే గడి, రెండూ నేనే పెట్టాను. మీ రాజశేఖర్ మా ప్రవీణ్ సార్‌కు ఫోన్ చేసి, మాటిమాటికీ కారణం రాయమంటే విసుగ్గా ఉందని చెప్పాడు. సార్ నా బల్ల దగ్గరికి వచ్చి, "వాడేవాళ్లకు ఇబ్బంది లేకుండా చెయ్ షాలినీ" అన్నాడు. నేను తీసేశాను. పది నిమిషాల పని. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. టీ తాగి ఇంకో పనిలో పడ్డాను. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే అంతా అర్థమైంది, అయినా కట్టడి ఉందని రాశాను. నీ ముందు తల దించుకోవడం ఇష్టం లేక.

'అవసరమైనప్పుడే' అని నేను మురిసిపోయిన మాట ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతోంది. ఎవరి అవసరమో నేను ఎక్కడా రాయలేదు. డబ్బాల చార్జి మిగిల్చాను, అంతే. అడిగేవాడికి ఖర్చు లేకపోతే వాడు ఎన్నిసార్లయినా అడుగుతాడని తట్టలేదు.

తిరిగి కట్టడి పెడతానని సార్‌ను అడిగాను. ఒప్పుకోలేదు. మళ్లీ అడుగుతాను.

కానీ వదినా, ఆ మేకు పని ఆపు. నవ్వులాట కాదు. ఆ ట్యాగ్ ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే తెర చూపిస్తుంది. కనీసం బిళ్ళలు పెట్టే రోజైనా అందరూ మెడలో వేసుకునేలా చూడు. ఈ ఒక్కటి నా మాట విను.

షాలిని


ఆళ్లగడ్డ,
6 ఏప్రిల్.

షాలినీ,

నీకు ఎన్నెన్నో రాయాలనుకున్నాను, ఇలాంటిది రాయాల్సి వస్తుందనుకోలేదు. శివమ్మక్క నంద్యాల ఆసుపత్రిలో ఉంది. బతికింది. మిగతాది నిదానంగా చెబుతాను, చదువు.

ఎండలు ముదిరాయని రాజశేఖర్ తన కుర్చీని మరుగుదొడ్డి ఎదురుగా ఉన్న నీడలోకి మార్చుకున్నాడు. రోజంతా అక్కడే కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. ఇక మేకుతో పనేముంది, పోయేవాళ్లు వాడి కళ్లముందే పోవాలి. మిగతావాళ్లు పళ్లు బిగించి ఓర్చుకున్నారు. శివమ్మక్కకు ఓర్చుకోవడం కుదరదు. ఆమె ఎవరికీ చెప్పకుండా మూడో గోదాంలో, గోడవైపు చివరి మూటల వరుస వెనక ఒక పాత రేకు డబ్బా పెట్టుకుంది. ట్యాగ్ మాత్రం బల్ల మేకుకే వదిలి వచ్చి దాని మీదే కూర్చొని, తర్వాత మూత పెట్టి, అందరూ పోయాక పారబోసుకునేదట. నాకు కూడా చెప్పలేదు. మనిషిని ఆ గతికి తెచ్చారు చూడు. రాస్తుంటే నా చేతులకు ఆ వాసన అంటినట్టుంది.

గురువారం మూడో గోదాంలో బిళ్ళలు పెట్టే రోజు. బయటి నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చారు, మూతికి మాస్కులు. ఫోన్లో చూస్తే పద్దెనిమిది చుక్కలూ బల్లల దగ్గరే ఉన్నాయి. సరే పెట్టుకోండని చెప్పడం జరిగింది. వాళ్లు బిళ్ళలు పెట్టుకుంటూ వచ్చి, చివరి వరుస వెనక్కి చూడకుండానే బయటికొచ్చి తలుపు మూసి టేపు అంటించారు. శివమ్మక్క ఆ డబ్బా దగ్గరే ఉంది. మగవాళ్ల గొంతులు వినబడి, సిగ్గుతో ఊపిరి బిగబట్టుకుంది. తలుపు మూసిన చప్పుడయ్యాక లేచి కొట్టింది. శనగలు జల్లించే మెషీన్ నడుస్తోంది. ఎవరికి వినబడుతుంది?

ఒంటిగంటకు అన్నాలకు కూర్చున్నాం. ఆమె క్యారియర్ మూత తీయకుండానే ఉంది. అప్పుడు వెతుక్కున్నాం, ఎక్కడా లేదు, మిగిలింది టేపు అంటించిన ఆ తలుపే. తలుపు తెరిస్తే కుళ్లిన చేపల కంపు గుప్పున కొట్టింది. ఆమె గడప దగ్గరే బోర్లా పడి ఉంది, చీరంతా వాంతి.

రాజశేఖర్ ఏం చేశాడో తెలుసా? ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, "ట్యాగ్ యాడ పెట్టింది చూడండి" అన్నాడు. మొదటి మాట అది.

ఇప్పుడు కాగితం తయారు చేశారు. శివమ్మ తనంతట తాను ట్యాగ్ తీసేసి, అనుమతి లేకుండా గోదాంలోకి పోయిందని. మేస్త్రీగా నేను కింద సంతకం పెట్టాలట. విచారణకు అధికారి మే ఆరో తేదీన వస్తాడట. సంతకం ఇంకా పెట్టలేదు. పెడితే శివమ్మక్కకు ఆసుపత్రి ఖర్చు కాదు కదా, మళ్లీ పని కూడా ఉండదు. తప్పంతా ఆమెదే అవుతుంది.

నువ్వు వెళ్లి ఆమెను చూడు.

ప్రసన్న


నంద్యాల,
14 ఏప్రిల్.

వదినా,

నాలుగుసార్లు వెళ్లి చూశాను. ఆక్సిజన్ తీసేశారు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసపడుతోంది. గుండె మీద కూడా దెబ్బ పడిందని డాక్టర్ చెప్పాడు. నేనెవరో చెప్పుకోవడానికి మొదటిరోజు నోరు రాలేదు. రెండోరోజు చెప్పాను. "ఆ డబ్బాలు పెట్టిన పాపవా నువ్వు" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడి సంగతి విను. ఎవరు, ఎవరిని, ఏ రోజు, ఎన్ని గంటలకు అడిగారో ప్రతి ఒక్కటీ మా దగ్గర జాబితాగా నిలిచి ఉంటుంది. ప్రమాదం జరిగిన మర్నాడే ప్రవీణ్ సార్ నన్ను పిలిచి, "పాత జాబితాలు ఊరికే చోటు తింటున్నాయి, శుభ్రం చెయ్" అన్నాడు. ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. నేను శుభ్రం చేయలేదు. మొత్తం కాపీ తీసి ఇంటికి తెచ్చుకున్నాను. ఉద్యోగం పోతే పోయింది.

రాజశేఖర్ ఒక్క శివమ్మనే నాలుగు వందల పన్నెండుసార్లు అడిగాడు వదినా, యాభై రోజుల్లో. ఈ జాబితా విచారణలో పెడితే ఆమె ట్యాగ్ ఎందుకు తీసిందో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ఆమెను కాపాడేది ఈ కాగితమే.

కానీ ఇంకొకటి కూడా ఉంది. చివరిదాకా చదివాక నాకు నిద్ర లేదు. శివమ్మను అడిగిన ఫోన్లు రెండు. రెండోది మేస్త్రీ ఫోన్. అరవై మూడుసార్లు. ఇక ఏప్రిల్ మూడో తేదీ, పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు, 'అందరూ ఎక్కడ' అని అడిగింది కూడా మేస్త్రీ ఫోనే. రాజశేఖర్ ఫోన్ ఆ ఉదయం తొమ్మిదిన్నర తర్వాత ఎవరినీ అడగలేదు.

నీ ఉత్తరం మళ్లీ తీసి చూశాను. 'ఫోన్లో చూస్తే' అని రాశావు, ఎవరు చూశారో రాయలేదు. 'చెప్పడం జరిగింది' అని రాశావు. నువ్వు అలా రాసే మనిషివి కాదు.

ఆ రోజు ఆ ఫోన్ నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఉందని రాయి వదినా.

షాలిని


ఆళ్లగడ్డ,
20 ఏప్రిల్, ఈస్టర్.

షాలినీ,

లేదు. నా రొంటినే ఉంది.

పొద్దున ఆరాధనలో కూర్చున్నాను గాని పెదవులు కదల్లేదు. అందరూ పాడుతుంటే, వీళ్లకు తెలిస్తే నా పక్కన కూర్చుంటారా అని చూస్తూ ఉన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకొని ఇది రాస్తున్నాను. మీ అన్నకు ఇంకా తెలియదు.

మొదట మేకు ఉపాయం పని చేస్తోందో లేదోనని అడిగాను, అది నిజం. తర్వాత అలవాటైంది. లేచి చూడక్కర్లేదు కదా. మోకాళ్ల నొప్పి, కుర్చీలో కూర్చొని వేలు పెడితే చుక్క వస్తుంది. మేకుకు తగిలించడం మరిచిన రోజు ఎవరు ఎక్కడున్నారో కూడా తెలుస్తుంది. శివమ్మక్క మాటిమాటికీ లేస్తుంటే ఆమె బల్ల మీద పని నిలిచిపోయేది, మిగతావాళ్లు నా ముఖం చూసేవాళ్లు. నాకూ చిరాకే. రాజశేఖర్ చదివి వినిపించాడు, నేను వినిపించలేదు. అడగడం మాత్రం ఇద్దరమూ అడిగాం. నీకు రాసిన ప్రతి ఉత్తరంలో వాణ్ణి తిట్టాను, తిట్టినన్ని రోజులూ నా రొంటిన అదే ఫోన్ పెట్టుకొని తిరిగాను. వాడి మీద కలిగిన అసహ్యమంతా ఇప్పుడు తిరిగి నా మీదికే వస్తోంది. కడుక్కుంటే పోయేది కాదు.

ఇక ఆ రోజు. బిళ్ళలు పెట్టేవాడు నా దగ్గరికి వచ్చి, "అక్కా, లోపల ఎవరన్నా ఉండారా?" అన్నాడు. పద్నాలుగేళ్లలో అలా అడిగిన ప్రతిసారీ నేను గోదాం గడపలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి కేకేసేదాన్ని. ఆ రోజు ఎండ, మోకాలు వాచి ఉంది. కూర్చున్న చోటనే ఫోన్ తీసి నొక్కాను. పద్దెనిమిది చుక్కలు. "ఎవురూ లేరప్పా, పెట్టుకోండి" అన్నాను.

ఆ ట్యాగులు మేకులకు ఉన్నాయని నాకు తెలియదా? తగిలించమన్నది నేనే. బిళ్ళలు పెట్టే రోజు జాగ్రత్త అని నువ్వు రాసిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. మా ఆడవాళ్లకు ఒక్క మాట చెప్పలేదు, మరిచాను. రాజశేఖర్‌ను మోసం చేయడానికి పెట్టిన చుక్కలవి. ఇంతమంది మధ్యలో ఆ చుక్కలు అబద్ధమని అందరికంటే ముందు తెలిసినదాన్ని నేను. అయినా తెరమీద కనబడగానే నమ్మాను. ఎందుకు నమ్మావంటే చెప్పలేను. పద్దెనిమిదీ వరుసగా, చక్కగా కనబడ్డాయి, అంతే.

సంతకం పెట్టమని నిన్న మళ్లీ వచ్చారు. "పెడితే నీకేం భయం లేదక్కా" అన్నాడు రాజశేఖర్, మంచినీళ్ల గ్లాసు కూడా అందించాడు. వాడికి నా సంగతి తెలుసు, బిళ్ళలు పెట్టినవాళ్లు చెప్పే ఉంటారు. తెలిసే అన్నాడు. ఆ గ్లాసునూ, కాగితాన్నీ రెండూ పక్కకు నెట్టాను.

ప్రసన్న


నంద్యాల,
25 ఏప్రిల్.

వదినా,

నీ ఉత్తరం అందిన రోజు నీ మీద ఎంత కోపం వచ్చిందో దాచను. రెండు రోజులు నీ పేరు తలచుకోవడానికి ఇష్టపడలేదు. మూడోరోజు జాబితా ముందు కూర్చున్నాను.

ఇప్పుడు నా బల్ల మీద రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకదాంట్లో అన్నీ ఉన్నాయి. రెండోదాంట్లో నీ అరవై మూడూ లేవు, పదకొండు నలభై రెండూ లేదు. తీసేయడానికి ఆరు నిమిషాలు పట్టింది. కట్టడి తీసేసిన వేలితోనే ఇదీ తీశాను. చూస్తే ఎవరూ కనిపెట్టలేరు. అధికారి ఎదుట రెండో కట్ట పెడితే రాజశేఖర్ నాలుగు వందల పన్నెండు చాలు, శివమ్మ నిర్దోషి అవుతుంది. నువ్వు మేస్త్రీగానే ఉంటావు. తలుపు మూయమని ఎవరు చెప్పారంటే, బిళ్ళల వాళ్ల నోటి మాట తప్ప రుజువు ఉండదు, మేనేజర్ అని జనం అనుకుంటారు.

చేసి కూర్చున్నాక అర్థమైంది. ప్రవీణ్ సార్ అడిగింది ఇదే కదా, శుభ్రం చేయమనే కదా. ఆయన తన కోసం అడిగాడు, నేను మా వదిన కోసం చేశాను. తేడా అంతే. అయినా ఆ కట్టను చించలేకపోతున్నాను. అమ్మ పోయాక నాకు జడ వేసిన చేతులు నీవి.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఆరో తేదీ ఉదయం బస్సుకు ఆళ్లగడ్డకు వస్తాను. ఏ కట్ట తేవాలో నువ్వే రాయి. నాకు తేల్చుకోవడం చేతకావడం లేదు.

షాలిని


ఆళ్లగడ్డ,
1 మే.

షాలినీ,

మొత్తం ఉన్నది తీసుకురా. రెండోది చించి పొయ్యిలో పెట్టు. నా కోసం నీ చేతికి మళ్లీ ఆ పని పెట్టను. మీ అన్నకు చెప్పాను. "ముందు ఆమెకు చెప్పు, ఆఫీసరుకు తర్వాత" అన్నాడు.

శివమ్మక్కను ఇంటికి తెచ్చారని తెలిసి నిన్న పోయాను. నులకమంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. సగమైపోయింది మనిషి. నన్ను చూసి కోడలితో మజ్జిగ తెమ్మంది. తాగలేదు. కూర్చోకుండానే చెప్పేశాను. మేకు, అరవై మూడుసార్లు, పదకొండు నలభై రెండు, అన్నీ. ఆమె కోడలు గ్లాసు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

శివమ్మక్క నన్ను తిట్టలేదు. ఊపిరి కోసం ఆగుతూ ఆగుతూ మాట్లాడింది. ఆమె మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"మగోళ్ల గొంతులు ఇనపడితే సిగ్గయి నోరు మూసుకున్న్యా. నువ్వు వస్తావులే, వాకిట్లో నిలబడి కేకేస్తావులే అని చూస్తాండా. ఎప్పుడూ కేకేస్తావు గదా. నీ గొంతు ఇనపడింటే లేచి పలుకుదును. యాడుండావు ప్రసన్నా నువ్వు?"

షాలినీ, నేను ఆ తలుపుకు ఇరవై అడుగుల దూరంలో కుర్చీలో కూర్చొని ఉన్నాను. ఆమెకు ఆ మాటే చెప్పాను.

ప్రసన్నకుమారి